‘నిండుకున్నాయి’ పక్కన ప్రశ్నార్థకం

మొన్న గుడి కరపత్రాలు తీయించడానికి జెరాక్స్ కొట్టుకు వెళ్ళాను. యంత్రంలోంచి అప్పుడే బయటికి వచ్చిన కాగితాల కట్టను కొట్టులో అమ్మాయి నా చేతిలో పెట్టింది. పెనం మీంచి దించిన రొట్టెలా వెచ్చగా ఉంది. కాలిన సిరాపొడి వాసన కాస్త చేదుగా ముక్కుకు తగిలింది. ఆ అమ్మాయి చిల్లర వెతుక్కునేలోగా, ఏం చేస్తున్నానో తెలియకుండానే ఆ కట్టను చెంపకు ఆనించుకున్నాను. “వేడిగా ఉన్నాయా ఆంటీ?” అని నవ్వింది. అలా ఆనించుకోవడం నా అలవాటు కాదు, చీరాలలో ప్రూఫులు దిద్దే మౌలాబీ గారి అలవాటు. డీటీపీ సెంటరు నుంచి కాగితాలు రాగానే ఆవిడ ముందు చెంపకు పెట్టుకుని చూసేవారు. “ఇంకా వేడి మీదున్నాయి. తప్పులు కూడా మెత్తగానే ఉంటాయి, తేలిగ్గా ఊడొస్తాయి” అనేవారు. నా జీవితంలో నేను రాసింది ఒకే ఒక్క పుస్తకం, అదీ చిన్నది. దాన్ని దిద్దించుకోవడానికి కుదుర్చుకున్న మనిషి ఆవిడ. పుస్తకం కంటే ఎక్కువే దిద్దారని తర్వాత తెలిసింది.

నేను బడికి వెళ్ళి చదువుకున్నదాన్ని కాదు. మాది పర్చూరు దగ్గర పల్లె. పక్క ఊరి బడికి ఆడపిల్లను నడిపించడం నాన్నకు ఇష్టం లేకపోయింది. అమ్మే సాయంత్రాలు దీపం పెట్టాక పలక మీద దిద్దించింది. తర్వాత పురాణ పుస్తకాలు ముందు పెట్టి పైకి చదివించుకుంది. అలా నాకు చదవడం బాగానే వచ్చింది. రాయడం మాత్రం చెవిని బట్టి వచ్చింది. ఎక్కడ ఒత్తు ఉంటుందో, ఎక్కడ ఉండదో నన్ను కూర్చోబెట్టి చెప్పినవాళ్ళు లేరు. పెళ్ళయి, పిల్లలు పెద్దవాళ్ళయి, నాన్న పోయాక అమ్మ మా దగ్గరికి వచ్చేసింది. ఆ రోజుల్లో నేను లక్షవత్తుల నోము పట్టి ఉన్నాను. ఉద్యాపన రోజున పేరంటాళ్ళకు తాంబూలంతో పాటు ఏదైనా పుస్తకం ఇస్తే బాగుంటుందనిపించింది. కొనే పుస్తకం ఎందుకు, చిన్నప్పుడు అమ్మ చెప్పిన నోముల కథలే రాద్దామనుకున్నాను. మధ్యాహ్నాలు కూర్చుని రాశాను. కథలతో పాటు, ఏ కథ ఎప్పుడు చెప్పిందో, ఆ రోజు ఇంట్లో ఏం జరిగిందో కూడా నాలుగేసి మాటలు రాసుకుంటూ పోయాను. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి ఇది.

చీరాలలో డీటీపీ సెంటరు ఓనరు కాగితాలు తీసుకుని, “టైపు చేసిపెడతామమ్మా. తప్పులు చూడటం మాత్రం మా పని కాదు. ప్రూఫులు ఎవరిచేతైనా చూపించుకోండి” అన్నాడు. మౌలాబీ గారి పేరు చెప్పింది ఆయనే. మా వారికి ఈ ఏర్పాటు వింతగా తోచింది. “రాసింది నువ్వు, చెప్పింది మీ అమ్మ. మధ్యలో దిద్దేది ఇంకొకరా? కూర నువ్వు వండి ఉప్పు చూడటానికి మనిషిని పెట్టుకున్నట్టుంది” అన్నారు. అన్నారే గాని స్కూటరు తీశారు. మగ్గాల వీధిలో ఒక పెంకుటిల్లు. రెండు పక్కలా మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి. ఆ చప్పుడులో ఈవిడ అక్షరాలు ఎలా చూస్తుందా అనుకున్నాను. లోపల కిటికీ పక్కన బల్ల, బల్ల మీద ఆకుపచ్చ సిరా పెన్ను, మధ్యలో సన్నగా చీల్చిన పాత పోస్టుకార్డు. ఆ కార్డును కాగితం మీద పెడితే చీలికలోంచి ఒక్క లైనే కనిపిస్తుంది. “మొత్తం పేజీ కనబడితే కన్ను కథలో పడి పరిగెత్తుతుంది. దాన్ని కట్టేయడానికి ఇది” అన్నారు. భారీ మనిషి. తన కళ్ళంటే ఆవిడకు మహా గర్వం. తండ్రి పూర్వం ప్రెస్సులో సీసపు అక్షరాలు పేర్చేవారట. అవి తిరగేసి ఉంటాయి కనుక, ఈవిడ అక్షరాలు నేర్చుకున్నదే తిరగేసి. “బళ్ళో చేరాక పలక మీద ‘అ’ చూసి, ఇది తప్పండీ పంతులుగారూ అన్నాను. వీపు విమానం మోత మోగించాడు” అని చెప్పి ఆవిడే నవ్వుకున్నారు. ఎక్కువ నసిగితే విసుక్కునే మనిషి కూడా. తన రేటు తానే ముందు చెప్పేసి, బేరాలు వద్దన్నారు.

నేను సిగ్గుపడుతూ ఒక కోరిక కోరాను. “భాష కాస్త పెద్దరికంగా మార్చండి. నలుగురూ చదివేది” అన్నాను. ఆవిడ రెండు పేజీలు చదివి కళ్ళజోడు పైకి జరుపుకున్నారు.

“మీ అమ్మగారు ఇలాగే మాట్లాడతారా?”

“ఇలాగే మాట్లాడుతుందండీ.”

“మరి ఆవిడకు లేని పెద్దరికం నేనెక్కడ తేను? ఒత్తులు దిద్దుతాను, దీర్ఘాలు దిద్దుతాను. చుక్క లేనిచోట చుక్క పెడతాను. మాట మార్చడం నా పని కాదమ్మా. మార్చాలంటే మీరే మార్చుకోవాలి. నాకు అనుమానమొస్తే పక్కన ప్రశ్నార్థకం పెడతాను. దానికి జవాబు మీ ఇష్టం.”

మొదటి పేజీలోనే నా ‘భాద’ దొరికింది. బాధ అనే మాటను నేను పుస్తకమంతా అలాగే రాశాను. ఆవిడ ఆకుపచ్చ పెన్నుతో దిద్దుతూ, “మొదటి అక్షరం మామూలుదే అమ్మా. బరువంతా రెండోదాని మీద పడుతుంది. అలా గుర్తుపెట్టుకో” అన్నారు. మీరు కాస్తా నువ్వు అయింది కూడా అక్కడే. ఆ తర్వాత ఎప్పుడూ నేను ఆ మాట తప్పు రాయలేదు.

ఆవిడ పని చేసే తీరు ఒకటి ఉండేది. నా చేతిరాత కాగితాలు నేను పైకి చదవాలి. ఆవిడ అచ్చు కాగితాల మీద పోస్టుకార్డు జరుపుకుంటూ చూడాలి. ఊరికే చదివితే కుదరదు. కామాలు, ఫుల్‌స్టాపులు, పేరాలు అన్నీ నోటితో చెప్పాలి. “అనగనగా ఒక బ్రాహ్మణుడు కామా ఆయనకు ఏడుగురు కొడుకులు ఫుల్‌స్టాప్” అంటూ మగ్గాల చప్పుడుకు మించి గొంతెత్తి చదివేదాన్ని. వారానికి ఒకటి రెండు మధ్యాహ్నాలు బస్సెక్కి వెళ్ళి, ఇలా అరిచి వచ్చేదాన్ని. ఒకనాడు ఇంట్లో దీపం ముందు స్తోత్రం చదువుకుంటూ, శ్లోకం చివర భక్తిగా “ఫుల్‌స్టాప్” అన్నాను. వెనక వత్తులు చేసుకుంటున్న అమ్మ దూది పక్కన పెట్టి పగలబడి నవ్వింది. “దేవుడికి ఆ మాత్రం తెలీదటే, ఎక్కడ ఆగాలో?” అంది. పైకి చదవడం మొదలుపెట్టాకే, నేను ఏం రాశానో నాకు వినబడింది. రాసేటప్పుడు వినబడలేదు.

పుస్తకం సగానికి వచ్చాక జరిగిందది. నేను చదువుతున్నాను. “ఆ సాయంత్రం అమ్మ డబ్బా మూత తీసి చూసి కామా బియ్యం నిండుకున్నాయి అంది ఫుల్‌స్టాప్ తర్వాత మమ్మల్ని దగ్గర కూర్చోబెట్టుకుని కథ మొదలుపెట్టింది ఫుల్‌స్టాప్...”

“ఆగమ్మా, ఆగు. మళ్ళీ చదువు.”

చదివాను. ఆవిడ పోస్టుకార్డు తీసేసి కాగితం నా వైపు తిప్పారు. అచ్చులో ‘డబ్బా నిండా బియ్యం ఉన్నాయి అంది’ అని ఉంది. ఆపరేటరు నా మాట తప్పనుకుని, తనకు తోచినట్టు సరిచేశాడు. మా ఇళ్ళల్లో తిండిగింజలు అయిపోయాయని, లేవని నోటితో అనకూడదు. లేవంటే నిజంగానే లేకుండా పోతాయని భయం. అందుకని నిండుకున్నాయంటారు. దీపం ఆరిందనకుండా కొండెక్కిందంటారు చూడండి, అలాగ. అతనికి ఆ వాడుక తెలియదు.

“ఇతనింటికి బియ్యం బస్తాల్లో వస్తాయి కాబోలు. నిండుకోవడం ఎరగడు” అన్నారు మౌలాబీ గారు.

“మీ ఇళ్ళల్లో కూడా అలాగే అంటారాండీ?” అని అడిగాను.

“అనక? మా బియ్యం మాత్రం తెలుగులో కాక ఇంకెందులో నిండుకుంటాయమ్మా?”

ఇద్దరం నవ్వుకున్నాం. ఆవిడ తప్పు కొట్టేసి, పైన నా మాట రాశారు. రాసి, అంచున చిన్న ప్రశ్నార్థకం పెట్టారు.

“సరిచేశారు కదండీ, మళ్ళీ ఇదెందుకు?”

“ఇది అతనికి కాదు, నీకు. రోజూ తెలుగు టైపు చేసే మనిషే ఇలా అనుకున్నాడంటే, నీ పేరంటాళ్ళలో చిన్నవాళ్ళు ఏమనుకుంటారు? ఇంటినిండా బియ్యం ఉన్నాయి, వాళ్ళమ్మ కులాసాగా కథ చెప్పింది అనుకుంటారు. అలా అనుకున్నా ఫర్వాలేదా నీకు?” నేను జవాబు చెప్పేలోగా ఆవిడ వెనక పేజీలు తిరగేశారు. “ఇంకోటి కూడా అడుగుతాను. నీ కథలన్నీ సందెవేళే మొదలవుతున్నాయి. అన్నాలు తిన్నాక చెప్పిన కథ ఒక్కటీ లేదు. ఎందుకమ్మా?”

పక్కింట్లో మగ్గం ఆగి మళ్ళీ మొదలైంది. ఆవిడ తొందరపెట్టలేదు. అప్పుడు చెప్పాను. నా చిన్నతనంలో ఒక ఏడు మిరప తోటకు తెగులు తగిలి మొత్తం పోయింది. మరుసటేడు పత్తి వేస్తే అదీ చేతికి రాలేదు. సాయంత్రమయ్యేసరికి వీధిలో ఎవరింట్లోనో తిరగమోత వాసన వచ్చేది. సరిగ్గా ఆ వేళకు అమ్మ నన్నూ అన్నయ్యనూ దగ్గరికి పిలిచి కథ ఎత్తుకునేది. ఒక కథ అయ్యీ కాకముందే ఇంకో కథ. నోముల కథలన్నిటికీ చివర ఒకటే. నోము నోచినవాళ్ళ గాదెలు నిండుతాయి, పాడి పొంగుతుంది. ఆ చివరిదాకా రాకముందే మేం నిద్రపోయేవాళ్ళం. అమ్మకు కావలసిందీ అదే. ఇదంతా నాకు కొత్తగా తెలిసిన సంగతి కాదు. ఎప్పుడూ తెలిసిందే. రాయవచ్చని మాత్రం తెలియదు.

“అయితే ఒక్క వాక్యం రాయి” అన్నారు ఆవిడ. “అమ్మ మాట జోలికి పోకు. అది ఆవిడది. దాని పక్కన నీది ఒక్కటి.”

ఇంటికి వచ్చి ఆ రాత్రే ఒక వాక్యం రాసుకున్నాను. అయితే అమ్మకు చెప్పకుండా అచ్చువేసే ధైర్యం నాకు లేదు. అమ్మకు కళ్ళలో పొరలు వచ్చి చదవలేకపోయేది. తెల్లారి నేనే చదివి వినిపించాను. ‘ఇంట్లో తినడానికి ఏమీ లేని రోజుల్లో అమ్మ మాకు కథలు చెప్పింది.’ అమ్మ చేతిలో వత్తి సగంలో ఆగిపోయింది.

“ఎవరడిగారే నిన్ను?” అంది.

“ఎవరూ అడగలేదమ్మా. ఆ ప్రూఫులు చూసే ఆవిడ...”

“ఆవిడ అడిగితే చెప్పేస్తావా? ఆ రెండేళ్ళూ ‘లేవు’ అని నా నోటితో ఒక్కనాడన్నా అన్నానా? మీ నాన్నతో అన్నానా, మీతో అన్నానా? ఇప్పుడు పసుపు కుంకాలతో పాటు మన పస్తుల సంగతి పంచిపెడతావా పేరంటాళ్ళకి? ఆ రోజుల్లో మన గడప తొక్కనివాళ్ళు కూడా వస్తారు, చదువుకుని పోతారు. మీ నాన్న ఉంటే ఊరుకునేవాడా?”

నాన్న మాట వచ్చేసరికి నేను కాగితం మడిచేశాను. అమ్మ వాదించే మనిషి కాదు. వత్తులు చేయడం మొదలుపెట్టింది. నేను ఆ వాక్యం కొట్టేశాను. కొట్టేశానే గాని, పుస్తకం మీద నాకు అంతకు ముందున్న ఇష్టం తగ్గింది. కథలన్నీ బాగానే ఉన్నాయి, తప్పుల్లేకుండా ఉన్నాయి. అమ్మ చేసిన అసలు పని ఒక్కటే అందులో లేదు. అది లేకుండా ఆ పుస్తకం అమ్మ పేరున పంచితే, పంచినట్టేనా అని నాలో నేను మథనపడ్డాను. దేవుడి ముందు కూర్చుంటే ధ్యాస అక్కడికే పోయేది.

మౌలాబీ గారికి చెబితే, నన్నేమీ ఒప్పించబోలేదు. “మంచిది. ఆవిడ ఆకలి ఆవిడ ఇష్టం” అని ప్రశ్నార్థకాన్ని కొట్టేశారు. “ఆఖరి ప్రూఫు ఇంకా రాలేదుగా, చూద్దాం” అని మాత్రం అన్నారు.

ఉద్యాపనకు చీరలు తీసుకోవాలని తర్వాత వారం అమ్మను చీరాల తీసుకువెళ్ళాను. చీరలు తీసుకోవడం అయ్యాక అమ్మ, “ఆ ప్రూఫులావిడ ఇల్లు ఇక్కడేనా? పద, ఓసారి చూద్దాం” అంది. గొడవ పెట్టుకుంటుందేమోనని భయపడుతూనే తీసుకెళ్ళాను. గడపలోనే మొదలుపెట్టింది అమ్మ.

“నువ్వేనా అమ్మాయ్, మా ఇంటి బియ్యం డబ్బా మూత తీసి చూసింది?”

“మూత తీసింది మీ అమ్మాయి పెద్దమ్మా. నేను లోపలికి తొంగి చూశానంతే” అన్నారు మౌలాబీ గారు కుర్చీ జరుపుతూ. “కూర్చోండి. మోకాళ్ళ నొప్పులా?”

“నొప్పులకేం, దండిగా ఉన్నాయి. అవి నిండుకోవు” అంది అమ్మ. కూర్చుంది. కాసేపు చీరల ధరలు, కళ్ళ డాక్టరు, ఆ ఏడు మిరపకాయల నాణ్యం మాట్లాడుకున్నారు. పుస్తకం మాట ఇద్దరూ ఎత్తలేదు. అప్పుడు మౌలాబీ గారు, ఎవరి సంగతో చెబుతున్నట్టుగా, వాళ్ళమ్మ గురించి చెప్పారు.

“మా అమ్మది ఇంకో పద్ధతి పెద్దమ్మా. రంజాను నెల కాకపోయినా సరే, పొద్దున్నే లేపి ‘ఇవాళ రోజా ఉందామర్రా’ అనేది. ఎందుకమ్మా అంటే పుణ్యం అనేది. సాయంత్రం మా నాన్న ప్రెస్సు నుంచి ఏదన్నా తెస్తే ఉపవాసం విడిచేవాళ్ళం. ఉత్త చేతులతో వస్తే, ‘రేపు కూడా ఉంటే ఇంకా పుణ్యం’ అనేది. మాది అంత భక్తిగల ఇల్లు ఎందుకయిందో నాకు చాలా ఏళ్ళు తెలియలేదు.”

అమ్మ ముందు నవ్వింది. బాగా నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

“పిల్లలు అన్నం అడిగేవాళ్ళు కాదమ్మాయ్” అంది. “అడిగి ఉంటే కసిరేదాన్ని, రెండు అంటించేదాన్ని. ఇదీ వాడూ అడక్కుండా కథ వినేవాళ్ళు. అందుకే ఆ సంగతి ఎత్తితే నాకు ఒళ్ళు మండుతుంది.”

కొంగు సర్దుకుని అమ్మే, “రాస్తే ఎక్కడ రాస్తారు అది?” అని అడిగింది. మౌలాబీ గారు అచ్చు కాగితం తీసి, అమ్మకు సరిగా కనిపించదని తెలిసి కూడా, వేలు పెట్టి చూపించారు. “పైన మీ మాట మీరన్నట్టే ఉంటుంది. దాని పక్కన చిన్న నక్షత్రం పెడతాం. పేజీ అడుగున అదే నక్షత్రం పెట్టి, చిన్న అక్షరాల్లో సంగతి చెబుతాం.”

“అడుగునా? అడుగునైతే ఫర్వాలేదు. చూడాలనుకున్నవాళ్ళే చూస్తారు.” అమ్మ నా వైపు తిరిగింది. “నువ్వు రాసింది వద్దు. నేను చెబుతాను, రాసుకో.”

అమ్మ చెప్పింది, నేను రాసుకున్నాను. ‘ఇంట్లో గింజ లేదు. లేదు అనకూడదని నిండుకున్నాయి అన్నాను. పిల్లలకు తెలుసు.’ ఇంకేమైనా ఉందేమోనని పెన్ను ఎత్తకుండా చూశాను. “అంతే” అంది అమ్మ. మౌలాబీ గారు ఆ కాగితం తీసుకుని చాలాసేపు చూశారు. ఆకుపచ్చ పెన్ను తెరిచి, మళ్ళీ మూత పెట్టేశారు. ఆవిడ దిద్దకుండా వదిలిన వాక్యాలు ఆ పుస్తకం మొత్తం మీద అవే.

ఉద్యాపన కార్తికంలో బాగా జరిగింది. పేరంటాళ్ళు తాంబూలం, పుస్తకం పుచ్చుకుని వెళ్ళారు. అమ్మ ఆ రోజంతా లోపలి గదిలోంచి బయటికి రాలేదు, ఎవరేమంటారోనని. ఎవరూ ఏమీ అనలేదు. మా పల్లెలో మాతో ఒకే వీధిలో ఉండి, తర్వాత కొడుకుతో వేరే ఊరు వెళ్ళిపోయిన సుబ్బాయమ్మ పిన్ని కూడా ఆ రోజు వచ్చింది. ఆవిడకు చదువు రాదు, మనవరాలు చదివి వినిపించింది. కింది అక్షరాలతో సహా చదివినట్టుంది. ఆవిడ చేతికర్ర చప్పుడు చేసుకుంటూ లోపలి గదిలోకి వెళ్ళి, అమ్మ మంచం మీద కూర్చుని, “మీ ఇంట్లో కూడానా అక్కా?” అంది. ఆ సాయంత్రం వాళ్ళిద్దరూ దీపాల వేళ దాటినా మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు. పిలిచి కాఫీ ఇద్దామని వెళ్ళి, గుమ్మంలోంచే వెనక్కి వచ్చేశాను.

కొన్నేళ్ళకు మౌలాబీ గారి చూపు మందగించింది. ప్రూఫులు మానేసి ఒంగోలులో కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. అక్కడే కాలం చేశారని నాకు ఆలస్యంగా తెలిసింది. అమ్మ కూడా ఇప్పుడు లేదు. పొద్దున దీపం పెట్టి, నాకు మేలు చేసినవాళ్ళ పేర్లు తలుచుకునేటప్పుడు అమ్మ పేరు వెంట ఆవిడ పేరూ చెప్పుకుంటాను. ఏ దేవుడి ముందు ఎవరి పేరు చెప్పాలనే పట్టింపు నాకు లేదు. వినే ఆయన సర్దుకుంటాడు.

ఆవిడ వల్ల నాకు భాష పెద్దగా వచ్చిందని చెప్పలేను, ఇప్పటికీ శ దగ్గర, ష దగ్గర తడబడతాను. వచ్చింది వేరే. మనిషి ఒక మాట నున్నగా అనేసి ముందుకు పోతుంటే, నా మనసు అక్కడ ఆగుతుంది. ఆ మాటను మార్చబోను, అది వాళ్ళది. ఊరికే అడుగుతాను. మా చిన్నమ్మాయి మంగళగిరిలో ఆఫీసులో పనిచేస్తూ, ఇద్దరు పిల్లలతో అక్కడే ఉంటోంది. రోజూ ఫోను చేస్తుంది. “బాగానే ఉన్నామమ్మా” అంటుంది. చాలా రోజులు అది విని నేను కూడా సంతోషంగా ఫోను పెట్టేస్తాను. కానీ ఒక్కోరోజు ఆ ‘బాగానే’ కొంచెం తొందరగా వస్తుంది. అప్పుడు, “బాగానే అంటే?” అంటాను. అవతల మాట ఆగిపోతుంది. నేను పొయ్యి మీది కూర దించి, మంట ఆర్పి, కుర్చీ లాక్కుని కూర్చుంటాను.